అమ్మకపు ఫొటోలో ఎవరున్నారు, ఎవరు లేరు

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో ఇప్పుడు బర్రె అంగడికి పోకముందే దాని ఫొటో పోతోంది. పొదుగు కనబడేలా ఒకటి, పక్క నుంచి నిలువెత్తున ఒకటి, పళ్లు కనబడేలా నోరు తెరిపించి ఇంకొకటి. కింద రెండో ఈత అనో, సూడి బర్రె అనో రాసి, పూటకు ఎన్ని లీటర్లో చెప్పి, ధర, ఫోన్ నంబరు పెడతారు. వ్యక్తులు తమలో తాము జంతువులు అమ్ముకోవడాన్ని ఫేస్‌బుక్ నిబంధనలు ఒప్పుకోవు. అందుకే ఈ బేరం ఎక్కువగా వాట్సాప్ గ్రూపుల్లో, యూట్యూబ్ వీడియోల్లో నడుస్తోంది. కేంద్రం 2016 నవంబరులో ఈ-పశుహాట్ అనే పోర్టల్ తెచ్చింది గానీ, మన ఊళ్లలో దాని పేరెత్తేవాళ్లు అరుదు.

ఈ మార్పును మేము తప్పుపట్టడం లేదు. అంగడిలో తువ్వాలు కింద వేళ్లు పట్టి బేరం కుదిర్చే దళారికి అమ్మేవాడి కులం తెలుసు, అవసరమూ తెలుసు. ధరను తేల్చేది చాలాసార్లు ఈ రెండే. 2021 ఆగస్టు 16న హుజూరాబాద్ నియోజకవర్గంలోని శాలపల్లిలో మొదలైన దళితబంధు కింద కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇచ్చారు. ఆ డబ్బుతో పాడి పెట్టుకున్న మాదిగ, మాల కుటుంబానికి వట్టిపోయిన బర్రెను అమ్మడం, పాలిచ్చేదాన్ని కొనడం బతుకుదెరువు లెక్క. దళారి లేకుండా పది ఊళ్లకు ఒకేసారి కబురు పోతే మంచిదే.

అయితే ఆ ఫొటోలను కొంచెం ఆగి చూడండి. యజమాని నిలబడితే ముఖం, పేరు, ఊరు అన్నీ ఉంటాయి. పలుపు పట్టుకున్నది జీతగాడైతే చెయ్యి మాత్రమే కనిపిస్తుంది. పొద్దున్నే కడిగి, మేపి, కొమ్ములకు నూనె రాసి బర్రెకు ధర తెచ్చిన మనిషి అతనే. సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను 1978లో కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించేదాకా పోయిన రైతుకూలీ పోరాటం వెట్టి మీదే, జీతగాళ్ల బతుకు మీదే. కెమెరా కొత్తది. కొట్టంలో ఎవరి పని ఎవరిదన్నది మాత్రం పెద్దగా మారలేదు.

ఇక అసలు ఫొటోకే నోచుకోనిది ముసలి ఎద్దు. 1977 నాటి చట్టం మన రాష్ట్రంలో ఆవుల వధను, దూడల వధను నిషేధించింది. పనికిరాని ఎద్దులు, బర్రెల విషయంలో అధికారి సర్టిఫికెట్ ఉంటే వధకు అనుమతి ఉంది. పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర, అక్కడ 2015 నుంచి ఎద్దుల వధ కూడా నేరమే. 2017 మేలో కేంద్రం అంగళ్ల మీద కొత్త నియమాలు తెచ్చింది. అమ్మే పశువు వధకు కాదని రాసివ్వాలని, రాష్ట్ర సరిహద్దుకు 25 కిలోమీటర్ల లోపల అంగడి పెట్టొద్దని అందులో ఉంది. మద్రాసు హైకోర్టు ఇచ్చిన స్టేను జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తింపజేసింది. స్టే కోర్టులో ఉంది, భయం రోడ్డు మీద ఉంది. చట్టం ఒప్పుకున్న అమ్మకానికి కూడా ఫొటో పెట్టడానికి జనం జంకుతున్నారు. దాంతో ముసలి ఎడ్ల బేరం చాటుకు పోయింది, ధర పడిపోయింది. ఆ నష్టం మోసేది రెండెకరాల రైతు, ఎడ్లను తోలే కూలీ, బండి నడిపే దళిత, ముస్లిం యువకులు.

వాళ్లను కూడా ఫోన్లు ఫొటో తీస్తాయి. 2016 జులైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీసిన దళితులను కొట్టినవాళ్లే వీడియో తీసి పంచుకున్నారు. మరుసటి నెల అమలాపురంలో ఇద్దరు దళిత అన్నదమ్ముల మీద దాడి జరిగింది. ఆవు కరెంటు షాక్‌తో చచ్చింది, తోలు తీయమని పిలిచింది దాని యజమానే. గుంపు మాత్రం దొంగతనమంది. యజమాని పెట్టిన ఫొటో ప్రకటన అవుతుంది, దళితుడి పక్కన అదే పశువుంటే ఆ ఫొటో నేరానికి సాక్ష్యమైపోతుంది.

బీమా కోసం తీసే చివరి ఫొటో సంగతీ చెప్పాలి. చచ్చిన పశువును చెవి ట్యాగు కనబడేలా తీస్తారు, పరిహారం యజమానికి వస్తుంది. తర్వాత ఈడ్చేది ఎవరో ఊళ్లో ఎవరూ అడగరు. ఎస్సీ, ఎస్టీలతో పశువుల కళేబరాలు బలవంతంగా ఎత్తించడం అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమని 2016 జనవరి నుంచి అమల్లో ఉన్న సవరణ చెబుతోంది.

గ్రూపుల్లో ఉన్న మన యువకులు ఫొటోతోపాటు ఇంకో రెండు పనులు చేయాలి. అంగడి తైబజార్ రశీదు, 12 అంకెల ట్యాగు నంబరు, కొన్నవాళ్లు అమ్మినవాళ్లు సంతకాలు చేసిన కాగితం ఫోన్లో దాచి, బండి తోలేవాడికి కూడా పంపాలి. రెండోది, మూకదాడుల మీద 2018 జులైలో తహసీన్ పూనావాలా కేసులో సుప్రీంకోర్టు ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయికి తగ్గని నోడల్ అధికారి ఉండాలని చెప్పింది. కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో ఆ అధికారి ఎవరో సమాచార హక్కు కింద అడగండి. వచ్చిన పేరును, ఆఫీసు నంబరును బర్రెల ఫొటోలు పెట్టే గ్రూపుల్లోనే పెట్టండి.