లాంచీలో ఆసనం

పాపికొండల విహారంలో మమ్మల్ని లాంచీ పైఅంతస్తులో విడి ప్లాస్టిక్ కుర్చీలలో కూర్చోబెట్టారు. మలుపులో లాంచీ ఒరగగానే నా కుర్చీ రెయిలింగు దాకా జారింది. ఆసనమంటే కూర్చుండునదని పిల్లలకు చెప్పినవాణ్ణి. జారునదని ఎన్నడూ చెప్పలేదు.

నా ఒక్కడి పాట్లయితే నవ్వి ఊరుకుందును. జనమూ కుర్చీలూ ఒకే పక్కకు చేరితే పడవ ఆ పక్కకే మరింత ఒరుగుతుంది. బరువు పైన ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద జరిగిన ఘోరానికి కుర్చీలు కారణమని నేననను. అయినా విడి కుర్చీలు పడవకు తగవన్నదే నా అభిప్రాయం.

ముందుకూ వెనక్కూ జరుపుకొనే సీట్లున్నాయి. గడియ పడితే కదలవు. వాటిని చెక్క మరలతో బిగిస్తే చాలదు. డెక్కుకు ఆరపార బోల్టు వేసి, అడుగున వెడల్పాటి స్టీలు పలక పెట్టి నట్టు బిగించాలి. ఊపును ఆ పలక అంతా పంచుకుంటుంది.

ఇదే చెబితే యజమాని, "మాస్టారూ, డాన్సులకు కుర్చీలు తీసెయ్యాలి కదండీ!" అన్నాడు. గడియ తీస్తే ఊడివచ్చే సీట్లూ ఉన్నాయి నాయనా, అన్నాను.