పిండిముద్ద కంచైన కథ

అమెరికాలోని సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున గోడలపై చిత్తరువులును, కూడళ్లలో విగ్రహములును పెక్కు కలవు. వానిలో ఇల్లాండ్రు తప్పక యెరుగవలసినది యూనియన్ స్క్వేర్ చెంతనున్న కంచు జలయంత్రమని మా యభిప్రాయము. 1973లో దానిని నిర్మించిన రూత్ అసావా ఆరుగురు బిడ్డల తల్లి. జపాను సంతతివారింట పుట్టుటయే నేరమై, 1942లో పదునారేండ్ల ప్రాయమున కుటుంబముతో నిర్బంధ శిబిరము పాలైనది.

ఆమె మొదట చేపట్టిన ముడిసరకు రాయి కాదు, లోహము కాదు. గోధుమపిండి, ఉప్పు, నీరు! పూరీలపిండివలె గట్టిగా మర్దించి, ఆ ముద్దలతో బడిపిల్లలచేతను, పెద్దలచేతను ఆ నగరపు మేడలను, వంతెనలను, మనుష్యులను చేయించెను. పిమ్మట వానినే కంచున పోతపోయించెను. పసివారి చేతిపని పెద్దల పనితోపాటు అచ్చటనే యున్నది.

అంతకుముందు 1968లో, గిరార్డెల్లి స్క్వేరున ఆమె బిడ్డకు పాలిచ్చు మత్స్యకన్యను నిలుపగా, ఆ యావరణమునకు రూపు దిద్దిన నిపుణుడు అది నవీనకళకు తగదని ఆక్షేపించెను. తల్లి బిడ్డకు పాలిచ్చుట యే కాలమునకు తగదో మాకు బోధపడలేదు! ఊరి స్త్రీలు పెక్కురు శిల్పి పక్షము వహించిరి. బొమ్మ నిలిచినది.

జలయంత్రమునకును ఇట్టి గండమే వచ్చెను. 2013లో నొక గొప్ప వ్యాపారసంస్థ క్రొత్త దుకాణము కట్టదలచి, దానిని తొలగింపజూచెను. పౌరులు సమ్మతింపలేదు. దుకాణము నమూనాయే మారినది. జలయంత్రము నేటికిని ఆ మెట్లచెంతనే యున్నది.