చేతిరుమాలు రక్షణ కాదు

గత వేసవిలో ట్రైనింగు పేరిట నెల రోజులు జీడిమెట్ల వైపు ఒక చిన్న ఫ్యాక్టరీకి వెళ్ళి వచ్చాను. రోజూ ఉదయమే సికిందరాబాదు స్టేషన్ దగ్గర బస్సెక్కేవాణ్ణి. మన లేబొరేటరీలో గాజుకుప్పెల్లో చూసే టోలీన్, అక్కడ డ్రమ్ముల కొద్దీ వుంది.

మొదటిరోజు స్టోరులో మాస్కు అడిగాను. స్టోరు మనిషి నన్ను ఎగాదిగా చూసి, “జేబుల రుమాలు లేదా తమ్మీ? కట్టుకో. పదిహేనేండ్ల సంది నేను కట్టుకుంటలేనా, సచ్చిన్నా?” అన్నాడు. చుట్టూ వున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వి రుమాలు కట్టుకున్నాను. మధ్యాహ్నానికి తల తిరిగింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే పిరికివాడంటారని సిగ్గు.

మిత్రులారా, ఆ సిగ్గు గురించే యీ నాలుగు మాటలు. కెమిస్ట్రీ చదివిన నాకు రుమాలు ఆవిరిని ఆపదని తెలియదా? తెలుసు. అయినా నోరు మెదపలేదు.

రుమాలు మహా అయితే కాస్త దుమ్మును ఆపుతుంది. కరోనా రోజుల్లో మనమంతా ఎరిగిన ఎన్-95 మాస్కు కూడా కణాలను పట్టేదే గాని ఆవిరిని పట్టేది కాదు. ద్రావకాల ఆవిరికి ప్రత్యేకమైన బొగ్గు నింపిన కార్ట్రిడ్జి కావాలి. అదీ కొంతకాలానికి నిండిపోతుంది, మార్చాలి. ముఖానికి అతుక్కోకపోతే, గడ్డం అడ్డం వస్తే, ఆ సందులోంచే విషం లోపలికి వస్తుంది. ఇక ఆక్సిజన్ తక్కువైన ట్యాంకులో ఏ కార్ట్రిడ్జీ పనికిరాదు. బయటినుంచి గాలి అందించే పరికరమే కావాలి. తగిన శ్వాస పరికరం వుండాలి, నడుముకు తాడు వుండాలి, ఆ తాడు రెండవ కొస బయటి మనిషి చేతిలో వుండాలి అని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే వ్రాశారు.

చేతి తొడుగుల సంగతీ అంతే. రాణిగంజ్‌లో కొనేటప్పుడు ధర అడుగుతాం, సైజు అడుగుతాం. ఏ పదార్థానికి అని ఎంతమందిమి అడుగుతాం? పెట్రోలుకు ఆగే నైట్రైల్ తొడుగు అసిటోనుకు ఆగదు. దానికి బ్యూటైల్ రబ్బరు కావాలి. అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీ ప్రొఫెసరు కారెన్ వెటర్‌హాన్ విషలోహాల మీద పరిశోధనలో పేరుపొందిన మనిషి. 1996 ఆగస్టులో ఆమె లేటెక్స్ తొడుగు మీద డైమిథైల్ మెర్క్యురీ చుక్కలు కొన్ని పడ్డాయి. అది 15 సెకన్లలోపే ఆ తొడుగును దాటిపోతుందని తరువాతి పరీక్షల్లో తేలింది. 1997 జూన్‌లో ఆమె మరణించింది. తొడుగు వేసుకోక కాదు, ఆ పదార్థానికి తగిన తొడుగు కాక!

కనుక ముందు పదార్థం పేరు, తరువాతే తొడుగు. ప్రతి రసాయనంతోపాటు వచ్చే భద్రతా పత్రంలో 16 భాగాలుంటాయి. ఏం ధరించాలో 8వ భాగంలో వుంటుంది. అది చదవడానికి పెద్ద డిగ్రీ అక్కరలేదు. కాని ఇంగ్లీషులోనే వుంటే హెల్పరుకు ఎవరు చదివి చెప్పాలి?

“మేమిస్తాం, వాళ్ళే వేసుకోరు” అనే యజమానులున్నారు. మే నెల ఎండలో రబ్బరు మాస్కుతో ఎనిమిది గంటలు వారినే నిలబడమనండి! పైపు కారకుండా చూడటం, ఆవిరిని పుట్టినచోటే లాగేసే ఫ్యాన్లు పెట్టడం ముందు చేయవలసిన పని. మాస్కు ఆఖరి అడ్డు. 2020 మే 7న విశాఖపట్నంలో ఎల్.జి. పాలిమర్స్ నుంచి తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. నిద్రలో వున్న ఆర్.ఆర్. వెంకటాపురం జనం ఏ మాస్కు వేసుకోవాలి?

ఆ నెలంతా నేను రుమాలుతోనే గడిపాను. ఆ స్టోరు మనిషి దగ్గుతూ వుండేవాడు. ఆ దగ్గు దేనివల్లనో నాకు తెలియదు, ఆయననూ ఎవరూ అడిగినట్టు లేదు.

రేపు మనలో కొందరం కెమిస్టులమవుతాం, సూపర్‌వైజర్లమవుతాం. స్టోరు కిటికీకి అవతల మనమే కూర్చుంటాం. ఆనాడు ఒక కుర్రాడు వచ్చి మాస్కు అడిగితే నవ్వకండి. “ఏ మందు దగ్గర పని తమ్మీ?” అని అడగండి.