సూదిలో ఏముందో ముందు చెప్పండి

మూడు నెలలకొకసారి వేసే గర్భనిరోధక సూదిని ‘అంతర’ పేరుతో 2017లో ప్రభుత్వ కార్యక్రమంలోకి తెచ్చారు. కాన్పుకూ కాన్పుకూ ఎడం కోరుకునే కూలీ స్త్రీకి అది పనికిరాదని మేము అనడం లేదు. అందులో ఏముందో, ఒంట్లో ఏం చేస్తుందో ముందు చెప్పమని అడుగుతున్నాము.

అండం విడుదలయ్యాక స్త్రీ ఒంట్లో ప్రొజెస్టిరోన్ అనే హార్మోను పెరుగుతుంది. గర్భసంచి లోపలి పొరను అది బిడ్డకోసం సిద్ధం చేస్తుంది. కడుపు నిలిస్తే ఆ పొరను కాపాడుతుంది, గర్భసంచి బిగుసుకోకుండా చూస్తుంది. మొదట అండాశయం, రెండు మూడు నెలలయ్యాక మాయ ఆ హార్మోనును తయారుచేస్తాయి. కడుపు నిలవకపోతే హార్మోను తగ్గి, ముట్టు వస్తుంది. సూదిలో ఉన్నది దాని పోలికతో చేసిన మందే. అది ఒంట్లో నిలిచి ఉన్నన్నాళ్లు అండం విడుదల కాదు. కడుపును నిలిపే హార్మోను పోలిక మందే కడుపు రాకుండా ఆపుతుందన్నమాట!

అయితే ముట్టు లెక్క తప్పుతుంది. కొందరికి రోజుల తరబడి రక్తం కనబడుతుంది, కొందరికి ముట్టే ఆగిపోతుంది. సూది మానేశాక కూడా కడుపు రావడానికి చాలా నెలలు పట్టవచ్చు. వాడినన్నాళ్లు ఎముకల గట్టితనం కొంత తగ్గుతుంది. మానేస్తే చాలావరకు తిరిగి వస్తుంది.

గురజాల, మాచర్ల వైపు మిరప కోతల్లో, చాటన్నది లేని చేలో రోజంతా వంగి పనిచేసే మనిషికి వారంపాటు రక్తం పోతే ఏం గతి? కూలి పోతుంది. ఎవరూ ముందు చెప్పలేదు గనుక ఏదో పెద్ద రోగమని బెదిరి, అప్పుచేసి ప్రైవేటు ఆసుపత్రికి పరుగెడుతుంది. అక్కడ ‘సంచి తీసేద్దాం’ అంటే కాదనే ధైర్యం ఎక్కడిది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో నూటికి దాదాపు 9 మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తంమీద నూటికి 3 మందికే!

చెప్పకుండా సూది వేయడం ఏమిటో తెలుగునాడు ఒకసారి చూసింది. 1985లో పటాన్‌చెరులో ఈ జాతిదే నెట్-ఎన్ అనే సూదిని పేద స్త్రీలపై ప్రయోగించబూనారు. అది ప్రయోగమన్న సంగతి వారికి చెప్పలేదు. హైదరాబాదులోని స్త్రీ శక్తి సంఘటన నిలదీసింది. సహేలీ మొదలైన సంస్థలతో కలిసి 1986లో సుప్రీంకోర్టుకెక్కింది. 2000లో కేసు ముగిసేనాటికి, నెట్-ఎన్‌ను జనానికి మూకుమ్మడిగా వాడడం తగదని ప్రభుత్వమే ఒప్పుకోవలసి వచ్చింది.

ఇద్దరికి మించి కంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడనివ్వమన్న ప్రభుత్వమే 2024లో ఆ నిబంధన ఎత్తేసింది. పాలకుల లెక్కలు మారుతుంటాయి. ఒళ్లు మాత్రం ఆమెది, నిర్ణయమూ ఆమెదే కావాలి.

అందుకే మేము కోరేది ఇది: సూదికి ముందు లాభనష్టాలు రెండూ ఆమెకు అర్థమయ్యే తెలుగులో చెప్పాలి. పరీక్ష చేసి వేయాలి. ఇబ్బంది వస్తే ప్రభుత్వ ఆసుపత్రిలోనే ఉచితంగా వైద్యం చేయాలి. కూలీలు చేల నుండి తిరిగొచ్చే వేళకు నర్సమ్మ ఊళ్లో ఉండాలి.

అక్కచెల్లెళ్లారా! సూదికి ఒప్పుకొనే ముందు, “ఇదేం మందమ్మా? నాకేం చేస్తుంది?” అని అడగండి. జవాబు చెప్పడం వాళ్ల బాధ్యత.