పెన్‌డ్రైవులో వేశావా నాన్నా?

పోయిన నెల మా ఇంటి కంప్యూటర్లో సిస్టమ్ మార్చాను. మార్పు మంచిదే, కానీ మార్చిన తీరులో తప్పు చేశాను. మీరు చేయకూడదని ఈసారి అదే రాస్తున్నాను.

మీలో చాలామందికి తెలుసు, మాన్విలో రైసుమిల్లు కాటా దగ్గర గుమాస్తాని నేను. హమాలీలు రోజుకు ఎన్ని బస్తాలు దించారో, ఎన్ని లారీకెక్కించారో రాయడం నా పని. అదే లెక్క ఇంటికొచ్చి కంప్యూటర్లో కూడా ఎక్కిస్తాను. మిల్లు చెప్పిన పని కాదు, మేస్త్రి అడిగితే మొదలుపెట్టాను. చీటీలు చెమటకు తడిసి చిరుగుతాయి, మిగిలినవి చెదలు తింటాయి. నాలుగేళ్ల లెక్క అందులోనే ఉంది. నడుం పడిపోయి ఈ సీజన్లో పని మానేసిన ఒక పెద్దాయన ఆఖరి లెక్క కూడా అందులోనే.

మాది సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్. విండోస్ మొరాయిస్తుంటే లైనక్స్ మింట్ 21 వేయించాను. లైనక్స్ అంటే 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు చదువుకుంటూ మొదలుపెట్టిన వ్యవస్థ. డబ్బు కట్టక్కర్లేదు, మింట్ అయితే 4 జీబీ ర్యామ్ ఉన్న పాత పెట్టె మీద కూడా బాగానే నడుస్తుంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది కాబట్టి, మన ఇళ్లలో పాత కంప్యూటర్లు పారేసే ముందు ఇదొకసారి చూడండి.

అయితే మింట్‌కీ గడువుంది. 21కి భద్రతా అప్‌డేట్లు 2027 ఏప్రిల్ వరకు వస్తాయి, 22కి 2029 వరకు. నాకింకా టైముంది. హమాలీల లెక్క తేల్చే రోజుకి వారం ముందు దీన్ని ముట్టుకోకూడదు కూడా. తొందర నాదే.

ఆదివారం రాత్రి కూర్చున్నాను. ముందు టైమ్‌షిఫ్ట్‌తో స్నాప్‌షాట్ తీసుకోమంది, తీశాను. మా పెద్దమ్మాయి అడిగింది, "లెక్కలు పెన్‌డ్రైవులో వేశావా నాన్నా?"

"టైమ్‌షిఫ్ట్ తీశాగా తల్లీ, అన్నీ అందులోనే ఉంటాయి" అన్నాను.

ఉండవు. టైమ్‌షిఫ్ట్ దాచేది సిస్టమ్‌ని. మన ఫైళ్లు, ఫోటోలు ఉండే హోమ్ ఫోల్డర్ని మనం ప్రత్యేకంగా చెబితే తప్ప ముట్టుకోదు. అది నాకప్పుడు తెలియదు.

డౌన్‌లోడ్ అయింది. కొత్త ప్యాకేజీలు సగం ఎక్కాయి. కరెంటు పోయింది. మాకు యూపీఎస్ లేదు. గంట తర్వాత వచ్చింది, కంప్యూటరు మాత్రం రాలేదు. నల్ల తెర మీద నాలుగు తెల్ల వరసలు, అంతే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే మేస్త్రి ఎదురై "గుమాస్తాగారూ, పెద్దాయన లెక్క తీశారా?" అంటే, "తీస్తున్నా" అని తప్పించుకున్నాను.

సాయంత్రం అమ్మాయే దారి చూపింది. మొదట్లో మింట్ వేసిన పెన్‌డ్రైవు బీరువాలో ఉంది. దాన్ని గుచ్చి ఆన్ చేస్తే, లోపలి డిస్కుతో పని లేకుండా పెన్‌డ్రైవు నుంచే మింట్ తెరుచుకుంటుంది. అందులోంచి డిస్కు తెరిచి చూశాం. లెక్కల ఫైలు చెక్కుచెదరకుండా ఉంది! దాన్ని ముందు ఇంకో పెన్‌డ్రైవులోకి ఎక్కించి, ఆ తర్వాతే టైమ్‌షిఫ్ట్ తెరిచి పాత స్నాప్‌షాట్ వెనక్కి తెచ్చాం. పాత 21 మళ్లీ లేచింది.

మూడు రోజుల తర్వాత పక్కింటివాళ్ల యూపీఎస్ అడిగి తెచ్చుకుని మళ్లీ చేశాను. ఈసారి 22 ఎక్కింది. ప్రింటరు మళ్లీ కలపాల్సి వచ్చింది, తెలుగు కీబోర్డు సెట్టింగుల్లో మళ్లీ చేర్చాల్సి వచ్చింది. అంతకు మించి ఇబ్బంది లేదు.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోవడం మనమెవరం మరిచిపోలేదు. అప్పటికప్పుడు గేటు ముక్కలు తయారుచేయించి దించేదాకా నీళ్లు పోతూనే ఉన్నాయి. అడ్డం పెట్టేది ముందే చేతిలో ఉండాలి. అందుకని చెబుతున్నాను, సిస్టమ్ మార్చేముందు మీ ఫైళ్లు విడిగా కాపీ చేసుకోండి, ఆ కాపీ తెరిచి చూసుకోండి. టైమ్‌షిఫ్ట్ తీయండి. మింట్ పెన్‌డ్రైవు దగ్గరుంచుకోండి. యూపీఎస్ లేకపోతే మొదలుపెట్టకండి. చేతిలో ముఖ్యమైన పని ఉన్న వారంలో అసలు ముట్టుకోకండి.

లెక్క తేల్చే రోజున పెద్దాయనకు ప్రింటు తీసిచ్చాను. మిల్లు పుస్తకంలో రెండు రోజుల బస్తాలు ఎక్కలేదు. ఆ రెండు రోజులూ నేను సెలవులో ఉన్నాను, మేస్త్రి చీటీ చూసి ఇంట్లో ఎక్కించుకున్నవి. షావుకారు చూసి, ఒప్పుకుని, ఆ డబ్బూ కలిపి ఇచ్చారు. పెద్దాయన కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుంటూ, "ఇంకోటి మీ దగ్గరుంటదా బాబూ?" అనడిగారు.

ఉందన్నాను. ఇప్పుడు మూడు చోట్ల ఉంది.