ఇంట ఫైబరుగ్లాసు పని

మోటారుసైకిలునకు ఫెయిరింగును, అనగా గాలిని చీల్చు ముందు తొడుగును, ఇంట చేయబూనిన కుమారుని కొందఱు తండ్రులు మందలింతురు. అది న్యాయము కాదని నా యభిప్రాయము. మట్టితో రూపు దిద్ది, అచ్చు తీసి, మైనము పూసి, గాజునార పొరలను రెసినుతో తడిపి యద్దుటకు, మన యడవిపల్లెలలో వెదురుబుట్ట లల్లువారికి వలెనే, ఓర్పును చేతినేర్పును కావలయును.

తండ్రులు చూడవలసినది వేఱు. ఖమ్మము, భద్రాచలము ప్రాంతముల మే నెల యెండలో రెసిను గిన్నెలోనే వేడెక్కి గట్టిపడును. తెల్లవాఱుజామున కొద్దికొద్దిగా కలుపుట మేలు. గట్టిపఱచు ద్రవమును కోబాల్టు ద్రవముతో నేరుగా కలిపినచో ప్రేలును. పొయ్యి చెంత ఈ పని వలదు. గుడ్డ ముసుగు ఆవిరి నాపదు. దానిని వడగట్టు ముసుగును, కంటి యద్దములును కొని యిండు. రెసినుకంటె ముందు కొనవలసిన వవియే.

ముందుచక్రమును పూర్తిగా కప్పు తొడుగు ప్రక్కగాలికి బండిని త్రోయును. 1957 తరువాత పందెములలోనే దానిని నిషేధించిరి.