ఆ గదిలో అడుగుపెట్టడానికి సిగ్గెందుకు?

రమజాన్ నెలవంక కనబడగానే తాగుడు మానేసి, ఈద్ మరునాడు మళ్లీ సీసా పట్టే వారు మన మొహల్లాల్లో లేరని గుండెమీద చెయ్యి వేసుకొని చెప్పగలమా? ముస్లిముల ఇళ్లలో తాగుడు లేదని నలుగురిలో అంటూ ఉంటాం. ఉన్న ఇంట్లో అది మరింత లోపలికి దాక్కుంటుంది. ఇల్లాలు పుట్టింటికి కూడా చెప్పదు. "అబ్బాకు ఒంట్లో బాగాలేదు" అనడం పిల్లలు చిన్నప్పుడే నేర్చుకుంటారు. హరాం అన్న మాట ఆ మనిషిని తాగుడుకు దూరం చేయాల్సింది పోయి, సాయానికి దూరం చేస్తోంది.

మద్యం హరాం. ఇందులో రెండో మాట లేదు. మాయిదా సూరాలోని ఆదేశంతో ఆ చర్చ ముగిసింది. కానీ బుఖారీ గ్రంథంలోని ఒక హదీసును మనం తరచుగా మరచిపోతాం. తాగినందుకు పలుమార్లు శిక్ష పొందిన ఒక వ్యక్తిని అక్కడున్న వారొకరు శపించగా, దైవప్రవక్త (స) వారించారు. అతనికి అల్లాహ్ మీద, ఆయన ప్రవక్త మీద ప్రేమ ఉందని చెప్పారు. తప్పుకు శిక్ష పడింది గాని, మనిషిని జమాఅతు నుంచి వెలివేయలేదు. మనం చేస్తున్నదేమిటి? సాయం మాటెలా ఉన్నా శాపనార్థాలకు మాత్రం లోటు లేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో అదీ సడలిపోయింది. దుకాణం మూసినా తెరిచినా, తాగుడుకు బానిసైన మనిషి మాత్రం ఇంట్లోనే ఉన్నాడు. అతని సంగతి ఎవరు చూడాలి?

అతనిలాంటి వారే చూడగలరన్నది 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో తేలిన విషయం. తాగుడుతో చితికిపోయిన ఒక స్టాక్ వ్యాపారి, ఒక సర్జన్ అక్కడ కలుసుకున్నారు. ఒకరి గోడు ఒకరు వింటూ ఇద్దరూ మానగలిగారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అలా పుట్టింది. 1957లో మన దేశానికీ వచ్చింది. 2020లో కాక్రేన్ సమీక్ష 27 అధ్యయనాలను పరిశీలించి, పూర్తిగా మానేసి ఉండే విషయంలో ఈ పద్ధతి ఇతర చికిత్సలకు తీసిపోదని, కొన్నిచోట్ల మెరుగని తేల్చింది.

మీటింగులో జరిగేది చాలా మామూలు వ్యవహారం. ఒక గది, నాలుగు వరసల కుర్చీలు, చాలాచోట్ల టీ. ఇంటిపేరు అడగరు, ఫీజు లేదు. మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఒక్కొక్కరు లేచి తమ కథ చెప్పుకుంటారు. మాట్లాడటం ఇష్టం లేకపోతే ఊరికే కూర్చొని వినవచ్చు. 'ఓపెన్' మీటింగుకు ఇంటివారు కూడా వెళ్లవచ్చు. 'క్లోజ్‌డ్' మీటింగు తాగుడు మానదలచిన వారికి మాత్రమే. మొదటిరోజు నచ్చలేదని మానుకోవద్దు. ఒక గ్రూపు వాతావరణం మరో గ్రూపులో ఉండదు.

"అది చర్చి హాలులో జరుగుతుందటగా" అని సందేహించే పెద్దలున్నారు. కొన్నిచోట్ల నిజమే. అది అద్దెకు తీసుకున్న గది, అంతే. ఈ సంఘం ఏ మతానికీ చెందినది కాదు. వారి పన్నెండు మెట్లలో దేవుని ప్రస్తావన ఉంది, కానీ ఎవరికి వారు అర్థం చేసుకున్న దేవుడు అనే ఉంది. మన సోదరుడు అక్కడ కూర్చొని అల్లాహ్‌నే తలచుకుంటాడు. అమెరికాలోని బాల్టిమోర్‌లో 1989లో ముస్లిములు ఇవే మెట్లను తమ విశ్వాసానికి తగినట్టు మలచుకొని 'మిల్లతి ఇస్లామి' ప్రారంభించారు. ఎవరైనా చూస్తారేమోనన్న భయం మరొకటి. చూసేవాడు కూడా ఆ గదిలోనే కూర్చున్నాడు కదా!

ఒక హెచ్చరిక తప్పదు. ఏళ్ల తరబడి రోజూ విపరీతంగా తాగేవారు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. రమజాన్ మొదటి రోజునే మానేద్దామనుకునే వారు దీన్ని గుర్తుంచుకోవాలి. ముందు డాక్టరును కలవాలి, తర్వాత మీటింగు. బంధించి, కొట్టి మాన్పిస్తామనే 'కేంద్రాల'కూ ఈ మీటింగులకూ ఏ సంబంధం లేదు.

మీటింగు ఎక్కడుందో తెలుసుకోవడం కష్టం కాదు. ఆల్కహాలిక్స్ అనానిమస్ వారి ఇండియా వెబ్‌సైటులో వివరాలు దొరుకుతాయి. ఏ రోజు, ఏ వేళ, ఏ భాషలో అన్నది ముందే ఫోన్ చేసి అడగండి. ఊళ్లో లేకపోతే ఫోనులోనే ఆన్‌లైన్ మీటింగులో చేరవచ్చు. కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446 ఉచితం. ఇంటివారి కోసం 1951 నుంచి 'అల్-అనాన్' వేరుగా నడుస్తోంది. భర్త కదలకపోయినా భార్య వెళ్లవచ్చు. ఆమె వెళ్లాలనే మేమంటాం. ఎందుకంటే ఆ ఇంట్లో ఇన్నేళ్లుగా ఎవరితోనూ మాట్లాడనిది ఆమే.

మస్జిద్ కమిటీలకు ఒక మాట. మదర్సా గదులు సాయంత్రాలు ఖాళీగానే ఉంటాయి. వారానికి ఒక గంట ఒక గది ఇస్తే చాలు. ఉచితంగా ఇస్తామన్నా వారు ఒప్పుకోకపోవచ్చు, బయటివారి విరాళం తీసుకోకూడదన్నది వారి నియమం. నామమాత్రపు అద్దె తీసుకోండి. గుమ్మం దగ్గర నిలబడి, ఎవరెవరు వస్తున్నారో మాత్రం లెక్కపెట్టకండి.